కనబడనిదాన్ని కొలవడం: కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి – ఖగోళశాస్త్ర ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

విశ్వంలోని మొత్తం పదార్థశక్తుల్లో పరమాణువులతో ఏర్పడిన సాధారణ పదార్థం సుమారు 5 శాతం. కృష్ణ పదార్థం సుమారు 27 శాతం, కృష్ణ శక్తి సుమారు 68 శాతం. ఈ అంకెలు తెలుగు పత్రికల్లో, ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తాయి. అవి ఏ కొలతల నుంచి వచ్చాయన్న వివరణ అంతగా వినిపించదు. వస్తువుల చలనం నుంచి ద్రవ్యరాశిని, సహజకాంతి నుంచి దూరాన్ని కనుగొనే రెండు పద్ధతులే ఈ జ్ఞానానికి పునాది అని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రెండు పద్ధతుల చరిత్రలో హైదరాబాదు నిజామియా వేధశాలకు, అక్కడ పెరిగిన వేణు బప్పుకు ఉన్న స్థానాన్ని గుర్తిస్తుంది. ఈ నిర్ధారణల్లో ఏది స్థిరపడింది, ఏది ఇంకా తేలలేదు అన్న విషయాన్ని అర్థాపత్తి, అనుపలబ్ధి అనే భారతీయ ప్రమాణాల వెలుగులో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి, నిజామియా వేధశాల, వేణు బప్పు, సూపర్‌నోవా, అర్థాపత్తి, అనుపలబ్ధి.

1. ఉపోద్ఘాతం

వనపర్తి జిల్లాలోని అమరచింత సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కార్తికమాసం చివర, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో ఊరి దీపాలకు దూరంగా పొలాల్లో నిలబడి ఉత్తరాకాశంలోకి చూస్తే, ఉత్తరాభాద్ర నక్షత్రాలకు కొంత ఉత్తరంగా, నడినెత్తికి సుమారు 25 డిగ్రీల దిగువన ఒక మసక మరక కనిపిస్తుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. దాని దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. ఏ పరికరమూ లేకుండా మనిషి కంటికి అందే అత్యంత దూరపు వస్తువుల్లో అది ఒకటి. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే అమెరికన్ పరిశోధకులు ఈ గెలాక్సీ తిరిగే వేగాన్ని కొలిచి ప్రచురించారు. ఆ కొలతలు, వాటి తరువాత వచ్చిన ఇతర గెలాక్సీల కొలతలు కలిసి ఒక కొత్త ప్రశ్నను శాస్త్రం ముందు నిలిపాయి. అమరచింత పొలంలో నిలబడినవారికి కనిపించే ఆ మసక వెలుగు గెలాక్సీలోని పదార్థంలో కొద్ది భాగానిది మాత్రమే అయితే, మిగిలినది ఉందని ఎలా తెలుసు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే 5, 27, 68 అనే అంకెలు వట్టి నమ్మకంగా మిగిలిపోతాయి. విశ్వంలో 95 శాతం ఏమిటో శాస్త్రానికే తెలియదు కాబట్టి, ఆ ఖాళీలో ఎవరికి నచ్చినది వారు ఉంచవచ్చునన్న వాదం అక్కడి నుంచే పుడుతుంది. నిజానికి ఖగోళశాస్త్రజ్ఞులకు ఈ 95 శాతం గురించి చాలా సంగతులు తెలుసు. అది ఎంత ఉందో, ఎక్కడ ఉందో, ఎలా ప్రవర్తిస్తుందో కొలిచారు. దాని స్వరూపం మాత్రమే తెలియలేదు. ‘ఉన్నది’ అని తెలియడానికీ, ‘ఇది ఫలానాది’ అని తెలియడానికీ మధ్య ఉన్న తేడాను స్పష్టం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పారిభాషిక పదం తెచ్చిన చిక్కు

తెలుగులో ‘డార్క్ మ్యాటర్’ను కృష్ణ పదార్థమని, ‘డార్క్ ఎనర్జీ’ని కృష్ణ శక్తి అని వ్యవహరిస్తున్నారు. ‘బ్లాక్ హోల్’ను కూడా కృష్ణబిలం అనే అంటున్నారు. మూలంలో ‘బ్లాక్’, ‘డార్క్’ అనేవి వేరువేరు పదాలు. తెలుగులో రెండింటికీ ‘కృష్ణ’ శబ్దమే నిలిచింది. అందువల్ల కృష్ణ పదార్థం కృష్ణబిలానికి సంబంధించినదనీ, కృష్ణ శక్తి ఆ పదార్థం నుంచి పుట్టినదనీ చదువరి భావించే అవకాశం ఉంది. ఈ రెండు భావనలూ పొరపాటే.

నల్లని వస్తువు కాంతిని పీల్చుకుంటుంది. దాని వెనుక ఉన్నదాన్ని అది మరుగుపరుస్తుంది. కృష్ణ పదార్థం కాంతిని వెదజల్లదు, పీల్చదు, అడ్డగించదు. కాంతి దాని గుండా సాగిపోతుంది. కనుక అది నల్లనిది అనడంకంటె పారదర్శకమైనది అనడం సరి. కృష్ణ శక్తి మరింత భిన్నం. అది ముద్దగా ఒకచోట చేరేది కాదు. అంతరాళమంతటా సమంగా పరచుకొని, విశ్వవిస్తరణ వేగాన్ని పెంచే ఒక కారణానికి పెట్టిన పేరు అది. పదార్థం దగ్గరకు లాగుతుంది, ఈ శక్తి ప్రభావం దూరం పెంచుతుంది. పేరులోని పోలిక తప్ప వీటి మధ్య మరొక పోలికను ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

3. చలనం నుంచి ద్రవ్యరాశి

పాలమూరు జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలడానికి వడిసెల వాడేవారు. వడిసెలలో రాయి పెట్టి తిప్పుతున్నంతసేపూ తాడు దాన్ని లోపలికి లాగి ఉంచుతుంది. ఎంత వేగంగా తిప్పితే అంత గట్టిగా తాడును పట్టుకోవాలి. దూరం నుంచి చూసేవారికి తాడు కనబడకపోయినా, రాయి తిరిగే వేగాన్నీ వలయం వెడల్పునూ బట్టి దాన్ని లాగి ఉంచుతున్న బలం ఎంతో లెక్కగట్టవచ్చు. ఆకాశంలో ఈ తాడు స్థానంలో గురుత్వాకర్షణ ఉంది. గ్రహం గాని నక్షత్రం గాని తిరిగే వేగాన్ని, దాని కక్ష్య పరిమాణాన్ని కొలిస్తే, కక్ష్య లోపల ఎంత ద్రవ్యరాశి ఉందో తెలుస్తుంది. ఆ ద్రవ్యరాశి వెలుగుతున్నదా లేదా అన్నదానితో ఈ లెక్కకు నిమిత్తం లేదు.

ఈ పద్ధతి కనబడనివాటిని ముందుగా చెప్పి, తరువాత చూపించిన సందర్భాలు శాస్త్రచరిత్రలో ఉన్నాయి. మృగవ్యాధుడు లేదా లుబ్ధకుడు అని మనవారు పిలిచే సిరియస్ నక్షత్రం ఆకాశంలో తిన్నగా సాగక అటూ ఇటూ ఊగుతూ కదులుతున్నదని గమనించి, దానికి కనబడని తోడు నక్షత్రం ఉన్నదని 1844లో బెసెల్ ప్రకటించాడు. 1862లో ఆల్వన్ గ్రాహం క్లార్క్ దూరదర్శినిలో దాన్ని చూశాడు. యురేనస్ కదలికలోని తేడాను బట్టి లెవెర్యే లెక్కగట్టి చెప్పిన చోటుకు సమీపంలోనే 1846లో నెప్ట్యూన్ దొరికింది.

అదే లెవెర్యే బుధగ్రహ కక్ష్యలోని చిన్న తేడాకు కూడా సూర్యుని దగ్గర మరొక కనబడని గ్రహం ఉన్నదని ప్రతిపాదించాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. అది దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం ఆ తేడాను ఏ కొత్త గ్రహమూ లేకుండానే వివరించింది. చలనంలో తేడా కనబడినప్పుడు రెండు దారులుంటాయి. కనబడని పదార్థం ఉందనడం ఒకటి, గురుత్వాకర్షణ నియమాన్నే సవరించడం రెండవది. నెప్ట్యూన్ మొదటి దారికి, బుధగ్రహం రెండవ దారికి నిదర్శనాలు. కృష్ణ పదార్థం విషయంలో ఏ దారి సరైనదన్న ప్రశ్నకు 6వ భాగంలో చూపే సాక్ష్యాలు సమాధానమిస్తాయి.

4. నిజామియా వేధశాల: ఏడున్నర లక్షల నక్షత్రాల లెక్క

చలనాన్ని కొలవాలంటే ముందు స్థానం తెలియాలి. నక్షత్రాలు ఎంతో దూరంలో ఉండడంవల్ల, ఆకాశంలో వాటి చోటు మారడం ఒక మనిషి జీవితకాలంలో సైతం అతి స్వల్పం. అందుచేత ఒక తరం కొలిచిన స్థానాలను మరొక తరం కొలిచిన స్థానాలతో పోల్చాలి. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశచిత్ర పథకం ఇందుకు పునాది వేసింది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొని, గాజు ఫలకాల మీద ఛాయాచిత్రాలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలవాలన్నది ఆ పథకం.

అప్పటికి అమరచింత నిజాం రాజ్యంలోని సంస్థానాల్లో ఒకటి. ఆ రాజ్యపు రాజధానిలోనే ఈ పథకంలో పాలుపంచుకున్న వేధశాల వెలిసింది. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి 1901లో హైదరాబాదులో దాన్ని నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను స్వీకరించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. హైదరాబాదుకు రెండు పట్టీలు దక్కాయి. దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఒకటి, ఉత్తర క్రాంతి 36 నుంచి 39 డిగ్రీల వరకు మరొకటి. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ వంటి సంచాలకుల కాలంలో ఫలకాలు తీయడం, ఒక్కొక్క నక్షత్రపు చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసి అంకెలు నమోదు చేయడం దశాబ్దాలపాటు సాగింది. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్ర స్థానాలు సంపుటాలుగా అచ్చయ్యాయి.

ఆ సంపుటాల విలువ శతాబ్దం చివర మరింత స్పష్టమైంది. 1989 నుంచి 1993 వరకు పనిచేసిన యూరప్ వారి హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను కొత్తగా కొలిచింది. ఆ కొలతలను పాత ఆకాశచిత్ర పథకపు స్థానాలతో పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టిన టైకో-2 పట్టిక 2000లో వెలువడింది. హైదరాబాదు పట్టీలలోని స్థానాలు కూడా ఆ పోలికలో భాగమే. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో హైదరాబాదులో కూర్చొని చుక్కలు కొలిచినవారికి కృష్ణ పదార్థమన్న మాట తెలియదు. నక్షత్రాల కదలికను రాబోయే తరాలు కనుగొంటాయన్న నమ్మకం మాత్రం ఆ పనికి ఆధారం.

ఉస్మానియా ఖగోళశాస్త్ర విభాగం తరువాతి కాలంలో జంటనక్షత్రాల అధ్యయనానికి పేరుపొందింది. ఇబ్రహీంపట్నం సమీపాన జాపాల్–రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పారు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాల వేగం నుంచి వాటి బరువు తేల్చే ఆ విద్య కూడా ‘చలనం నుంచి ద్రవ్యరాశి’ అన్న సూత్రానికి ప్రత్యక్ష రూపమే. సూర్యుని తప్ప ఏ నక్షత్రం ద్రవ్యరాశినైనా మొదట నమ్మకంగా తెలిపినవి జంటనక్షత్రాలే.

5. గెలాక్సీలు, గుచ్ఛాలు: లెక్కలో తేడా

సౌరకుటుంబంలో ద్రవ్యరాశి దాదాపు అంతా సూర్యునిలోనే ఉంది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ గ్రహాల వేగం తగ్గుతుంది. బుధుడు సెకనుకు సుమారు 48 కిలోమీటర్లు, భూమి సుమారు 30 కిలోమీటర్లు, నెప్ట్యూన్ సుమారు 5.4 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. గెలాక్సీలోనూ వెలుగు ఎక్కువగా మధ్యభాగంలో కేంద్రీకృతమై ఉంటుంది. వెలుగు ఉన్నచోటే ద్రవ్యరాశి ఉంటే, అంచులకు పోయేకొద్దీ నక్షత్రాల వేగం తగ్గాలి.

ఒక వాయుమేఘం మనవైపు వస్తుంటే దాని వర్ణపటరేఖలు నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. ఈ జరుగుదలను కొలిచి రూబిన్, ఫోర్డ్ ఆండ్రోమెడాలోని వాయుమేఘాల వేగాలను నమోదు చేశారు. అంచులలోనూ వేగం ఎదురుచూసినట్టు తగ్గలేదు. 1970లలో రేడియో దూరదర్శినులతో హైడ్రోజన్ వాయువును గమనించిన ఆల్బర్ట్ బోస్మా తదితరులు, వెలుగు ముగిసిన చోటికి ఎంతో అవతల కూడా ఇదే స్థితి ఉన్నదని చూపారు. 1980లో రూబిన్ బృందం 21 సర్పిల గెలాక్సీలలో ఇదే ఫలితాన్ని ప్రకటించింది. వడిసెల అంత వేగంగా తిరుగుతూ రాయి జారిపోలేదంటే తాడు చాలినంత గట్టిగా ఉన్నట్టే. వెలుగు చెప్పేదానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ ద్రవ్యరాశి గెలాక్సీని ఆవరించి ఉండాలి.

ఇంతకంటె ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీగుచ్ఛంలో ఇటువంటి తేడానే గుర్తించాడు. అందులోని గెలాక్సీలు సెకనుకు వేయి కిలోమీటర్ల స్థాయి వేగాలతో అటూ ఇటూ కదులుతున్నాయి. కనబడే ద్రవ్యరాశి మాత్రమే ఉంటే ఆ గుచ్ఛం ఎప్పుడో చెదిరిపోవాలి. ఆయన చెప్పిన సుమారు 400 రెట్ల తేడా తరువాత తగ్గింది. అప్పటి దూరాల అంచనాలు సరికావు, గుచ్ఛంలో నక్షత్రాలకంటె ఎక్కువ బరువైన వేడి వాయువు ఉన్నదని ఎక్స్-కిరణాల పరిశీలన తరువాత తెలిపింది. ఆ వాయువునంతా లెక్కలో చేర్చినా లోటు పూడలేదు.

మన పరిసరాల్లో ఈ పదార్థం ఎంత పలచనో గమనించదగినది. సూర్యుని చుట్టుపక్కల నక్షత్రాల కదలికలను బట్టి వచ్చిన అంచనాల ప్రకారం, భూగోళమంత ఘనపరిమాణంలో ఉండే కృష్ణ పదార్థం అర కిలో నుంచి ఒక కిలో వరకు మాత్రమే. సౌరకుటుంబంలో దాని ప్రభావం కనబడకపోవడానికి ఇదే కారణం. గెలాక్సీ విస్తారంలో మాత్రం ఆ పలచని పదార్థమే మొత్తం మీద పైచేయి అవుతుంది.

6. నియమం తప్పా, పదార్థం ఉందా?

గురుత్వాకర్షణ నియమాన్నే సవరించాలన్న ప్రతిపాదనను 1983లో మోర్దెహాయ్ మిల్‌గ్రోమ్ చేశాడు. గెలాక్సీల భ్రమణవేగాలను అది చక్కగా వివరిస్తుంది. అయితే భ్రమణంతో సంబంధంలేని ఇతర సాక్ష్యాలు కృష్ణ పదార్థం వైపే మొగ్గుతున్నాయి. వాటిలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది, కాంతి వంగడం. ద్రవ్యరాశి తన పక్కగా పోయే కాంతిని వంచుతుంది. 1919 సూర్యగ్రహణ సమయంలో ఎడింగ్టన్ బృందం దీన్ని నిరూపించింది. గెలాక్సీగుచ్ఛం వెనుక ఉన్న గెలాక్సీల రూపాలు ఎంత వంకరపోయాయో కొలిస్తే, గుచ్ఛంలో ద్రవ్యరాశి ఎక్కడెక్కడ ఉందో పటం గీయవచ్చు. రెండు గుచ్ఛాలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయిన ‘బుల్లెట్ గుచ్ఛం’ పటాన్ని 2006లో ప్రచురించారు. ఢీకొన్నప్పుడు వేడి వాయువు ఒరిపిడికి లోనై వెనుకబడి మధ్యలో చిక్కుకుంది. సాధారణ పదార్థంలో అధికభాగం ఆ వాయువే. కాంతిని వంచే ద్రవ్యరాశి మాత్రం వాయువును వదిలి ముందుకు సాగిపోయింది. నియమాన్ని మాత్రమే మార్చితే, ఆకర్షణకు కేంద్రం వాయువు ఉన్నచోటే ఉండాలి. అది వేరొకచోట ఉండడంవల్ల నియమసవరణ ఒక్కటే చాలదని తేలింది.

రెండవది, తొలికాంతి. విశ్వానికి 3.8 లక్షల సంవత్సరాల వయసున్నప్పుడు విడుదలైన కాంతి నేడు 2.7 కెల్విన్ ఉష్ణోగ్రత గల మైక్రోవేవ్ వికిరణంగా అన్ని దిక్కుల నుంచి వస్తున్నది. 1965లో పెంజియస్, విల్సన్ దాన్ని ప్రకటించారు. అందులో లక్షలో ఒక వంతు స్థాయి హెచ్చుతగ్గులను 1992లో కోబే ఉపగ్రహం పసిగట్టింది. డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు వాటిని సూక్ష్మంగా కొలిచాయి. ఆ తొలి రోజుల్లో సాధారణ పదార్థం కాంతి ఒత్తిడికి లోనై శబ్దతరంగాలలాగా ఊగింది. కృష్ణ పదార్థం ఆ ఒత్తిడికి లోనుకాక, తన ఆకర్షణతో మాత్రమే ఆ ఊగులాటను ప్రభావితం చేసింది. ఒత్తిడికి లోనయ్యేది ఎంత, లోనుకానిది ఎంత అన్న నిష్పత్తి ఆ హెచ్చుతగ్గుల నమూనాలో నమోదై ఉంది. సాధారణ పదార్థానికి ఐదు రెట్లకు పైగా కృష్ణ పదార్థం ఉందన్న లెక్క అక్కడ కచ్చితంగా లభిస్తుంది. లక్షలో ఒక వంతు తేడాలు 1,380 కోట్ల సంవత్సరాలలో గెలాక్సీలుగా ఎదగడానికి కూడా ఈ పదార్థపు ఆకర్షణ అవసరం.

మూడవది, తొలి మూలకాలు. విశ్వం పుట్టిన తొలి నిమిషాలలో తయారైన డ్యుటీరియం పరిమాణం, అప్పుడున్న సాధారణ పదార్థ సాంద్రత మీద ఆధారపడుతుంది. నేటి కొలతలు సూచించే సాంద్రత తొలికాంతి సూచించే దానితో ఏకీభవిస్తుంది. అందువల్ల కనబడని పదార్థమంతా ఆరిపోయిన నక్షత్రాలో, చల్లని రాళ్లో కావడానికి వీల్లేదు. అది పరమాణువులతో ఏర్పడనిది.

అలాంటి అభ్యర్థుల అన్వేషణలో భారతీయుల పాత్ర తొలినాళ్లలోనే ఉంది. 1972లో రామనాథ్ కౌశిక్, మెక్లెల్లండ్ విశ్వవిస్తరణను బట్టి న్యూట్రినో ద్రవ్యరాశికి గరిష్ఠ పరిమితి చెప్పారు. గుచ్ఛాల్లోని కనబడని ద్రవ్యరాశి న్యూట్రినోలది కావచ్చునని మరుసటి సంవత్సరం సూచించారు. న్యూట్రినోలు మరీ తేలికైనవని, వాటి వాటా స్వల్పమని తరువాత తేలింది. అయినా, అదృశ్య కణాలు విశ్వపు బరువును నిర్ణయించవచ్చునన్న ఆలోచన స్థిరపడింది.

7. సహజకాంతి నుంచి దూరం: వేణు బప్పు మార్గం

కృష్ణ శక్తి కథకు దూరాన్ని కొలిచే పద్ధతి ఆధారం. రాత్రివేళ జూరాల ఆనకట్ట మీద ఒకే రకం దీపాలు వరుసగా వెలుగుతున్నాయనుకుందాం. ఒడ్డున నిలబడి చూసేవారికి దగ్గరి దీపం కాంతిమంతంగా, దూరపు దీపం మసకగా కనిపిస్తుంది. రెట్టింపు దూరంలో ఉన్న దీపం నాలుగో వంతు వెలుగునే పంపుతుంది. దీపాల అసలు కాంతి తెలిస్తే, కనబడే కాంతిని బట్టి దూరం చెప్పవచ్చు. నక్షత్రాల విషయంలో చిక్కంతా అసలు కాంతి తెలియకపోవడంలోనే ఉంది. దూరంతో సంబంధంలేని ఏదైనా గుర్తును బట్టి దాన్ని కనుక్కోవాలి.

1912లో హెన్రియెట్టా లీవిట్ సెఫీడ్ నక్షత్రాల వెలుగు హెచ్చుతగ్గుల కాలవ్యవధిలో అలాంటి గుర్తును కనుగొన్నది. 1957లో ఓలిన్ విల్సన్, వేణు బప్పు మరొక గుర్తును ప్రకటించారు. సూర్యునివంటివి, అంతకంటె చల్లనివి అయిన నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె-రేఖ నడుమ కనిపించే ఉద్గారం ఎంత వెడల్పుగా ఉంటే, ఆ నక్షత్రపు అసలు కాంతి అంత ఎక్కువ. దీనికే విల్సన్–బప్పు ప్రభావమని పేరు. బప్పు తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. బాల్యం నుంచీ ఆ వేధశాల వాతావరణంలో పెరిగిన బప్పు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్‌కు వెళ్లాడు. కృష్ణ శక్తిని కనుగొనడంలో విల్సన్–బప్పు ప్రభావాన్ని ఉపయోగించలేదు. దానికి వాడిన తర్కం మాత్రం ఇదే: దూరంపై ఆధారపడని ఒక లక్షణం నుంచి అసలు కాంతిని, అసలు కాంతి నుంచి దూరాన్ని తెలుసుకోవడం.

8. కృష్ణ శక్తి: మసకబారిన దీపాలు

గెలాక్సీలు దూరమవుతున్నాయని లెమైత్ర్ 1927లో, హబుల్ 1929లో చూపారు. పదార్థం పరస్పరం ఆకర్షించుకుంటుంది కాబట్టి, పైకి విసిరిన రాయి వేగం తగ్గినట్టు విశ్వవిస్తరణ వేగం కూడా కాలక్రమంలో తగ్గుతుండాలి. ఎంత తగ్గుతున్నదో కొలవడమే 1990లలో రెండు పరిశోధక బృందాల లక్ష్యం.

వాటికి దీపాలుగా పనికివచ్చినవి టైప్-1ఎ సూపర్‌నోవాలు. ఇవి శ్వేత వామన నక్షత్రాలు పేలిపోయినప్పుడు వెలువడే వెలుగులు. శ్వేత వామన నక్షత్రం ద్రవ్యరాశికి సూర్యునికి 1.4 రెట్లు పరిమితి అని చూపినవాడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఈ సూపర్‌నోవాలన్నీ సరిగ్గా ఒకే కాంతితో వెలగవు. నెమ్మదిగా ఆరేవి ఎక్కువ కాంతిమంతమైనవని 1993లో మార్క్ ఫిలిప్స్ చూపాడు. ఆ సవరణ తరువాత అవి నమ్మదగిన దీపాలయ్యాయి.

1998లో బ్రయన్ ష్మిట్, ఆడం రీస్ ఉన్న బృందం 16 సుదూర సూపర్‌నోవాలతో, సాల్ పెర్ల్‌మట్టర్ బృందం 42 సూపర్‌నోవాలతో ఒకే నిర్ణయానికి వచ్చాయి. సుదూర సూపర్‌నోవాలు ఎదురుచూసినదానికంటె మసకగా, అంటే 10–15 శాతం ఎక్కువ దూరంలో ఉన్నాయి. విస్తరణ తగ్గుతూ ఉంటే అంత దూరం పోవడం సాధ్యం కాదు. విస్తరణ వేగం పెరుగుతున్నదన్న మాట. ఈ ముగ్గురికీ 2011లో నోబెల్ బహుమతి లభించింది.

దారిలోని ధూళి వల్ల కాంతి తగ్గి ఉండవచ్చునన్న ఆక్షేపణ సహజంగానే వచ్చింది. ధూళే కారణమైతే మరింత దూరపు సూపర్‌నోవాలు మరింత మసకబారాలి. 2004లో హబుల్ దూరదర్శినితో చూసిన అతిదూరపు సూపర్‌నోవాలు అలా లేవు. విశ్వం చిన్నగా, పదార్థం దట్టంగా ఉన్న తొలికాలంలో విస్తరణ తగ్గుతూ వచ్చిందని, సుమారు 500–600 కోట్ల సంవత్సరాల క్రితం పెరగడం మొదలైందని అవి తెలిపాయి.

తరువాత వేరొక కొలబద్ద కూడా దీన్ని సమర్థించింది. తొలి విశ్వపు శబ్దతరంగాలు పదార్థంలో మిగిల్చిన ముద్ర, నేటి గెలాక్సీల మధ్య సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాల ఎడంగా కనిపిస్తుంది. 2005లో దీన్ని గుర్తించారు. తొలికాంతి చూపే విశ్వజ్యామితి ప్రకారం మొత్తం సాంద్రత ఎంత ఉండాలో తెలుసు. అందులో పదార్థం మూడో వంతు కూడా కాదు. మిగిలిన వాటాయే సూపర్‌నోవాలు చెప్పిన కృష్ణ శక్తి. ఘనమీటరుకు లెక్కిస్తే అది మూడు నాలుగు ప్రోటాన్ల ద్రవ్యరాశికి మాత్రమే సమానం. అయినా శూన్యమంతటా ఉండడంవల్ల విశ్వంలో దానిదే పెద్దవాటా.

9. అర్థాపత్తి, అనుపలబ్ధి

బలంగా ఉన్న దేవదత్తుడు పగలు భోజనం చేయడని తెలిస్తే, రాత్రి చేస్తున్నాడని ఊహించక తప్పదు. మీమాంసకులు దీన్ని అర్థాపత్తి అనే ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు అనుమానంలోనే చేర్చారు. తెలిసిన రెండు విషయాలు పొసగనప్పుడు, వాటిని పొసగించే మూడవ విషయాన్ని కల్పించడం దాని స్వభావం. గెలాక్సీ వేగంగా తిరుగుతున్నది, అయినా చెదిరిపోలేదు. కనబడే ద్రవ్యరాశి అందుకు చాలదు. కనుక కనబడనిది ఉంది. ఇది అర్థాపత్తి రూపమే.

అయితే దేవదత్తుని కథలో రాత్రి భోజనాన్ని ఎవరూ కొలవరు. ఖగోళశాస్త్రంలో కల్పించిన విషయాన్ని పరస్పర సంబంధంలేని అనేక మార్గాలలో కొలిచారు. భ్రమణవేగం, కాంతి వంపు, తొలికాంతి, తొలి మూలకాలు అనే నాలుగు మార్గాలూ కృష్ణ పదార్థం విషయంలో పరస్పరం పొసగే లెక్కలిస్తున్నాయి. ఈ ఏకవాక్యతే ఊహను నిర్ధారణగా మార్చుతుంది. వల్కన్ గ్రహానికి ఇలాంటి బహుముఖ సమర్థన లేదు.

భూగర్భ ప్రయోగశాలల్లో కృష్ణ పదార్థ కణాన్ని పట్టుకోవాలన్న ప్రయత్నాలు ఇంతవరకు ఫలించలేదు. దీన్ని బట్టి అది లేదనవచ్చునా? భాట్టమీమాంసకుల అనుపలబ్ధి ప్రమాణంలో ఒక షరతు ఉంది. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదని నిశ్చయించాలి. వెలుతురులో బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిలో కనబడకపోతే ఆ మాట అనలేము. ప్రయోగశాలల వైఫల్యం ఆ పరికరాలకు అందగల కణాలను మాత్రమే కొట్టివేస్తుంది. అందనివాటి గురించి ఏమీ చెప్పదు.

కృష్ణ శక్తి స్థితి ఇంతకంటె సున్నితం. విస్తరణ వేగం పెరుగుతున్నదన్నది బలమైన నిర్ణయం. దానికి కారణం 1917లో ఐన్‌స్టీన్ తన సమీకరణాలలో చేర్చిన స్థిరాంకమేనా, కాలంతో మారే మరొకటా అన్నది తేలలేదు. అరిజోనాలోని డెసీ సర్వే 2024, 2025 ఫలితాలు కృష్ణ శక్తి కాలక్రమంలో బలహీనపడుతూ ఉండవచ్చునని సూచించాయి. అవి ఇంకా నిర్ధారణ స్థాయికి చేరలేదు. విశ్వవిస్తరణ రేటు విషయంలో కూడా, తొలికాంతి నుంచి సుమారు 67, సమీప గెలాక్సీల నుంచి సుమారు 73 అని, మెగాపార్సెక్‌కు సెకనుకు కిలోమీటర్లలో, రెండు విలువలు వస్తున్నాయి. ఈ తేడాకు కారణం ఇంకా అన్వేషణలోనే ఉంది.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు. కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి అన్నవి అజ్ఞానానికి పెట్టిన పేర్లు మాత్రమే కావు, కొలతలకు పెట్టిన పేర్లు. వాటి పరిమాణం, వ్యాప్తి, ప్రభావం తెలుసు. స్వరూపం తెలియదు. ఈ తేడాను పాటించకుండా ‘95 శాతం తెలియదు’ అనడం సగం నిజం మాత్రమే. తెలుగులో ‘కృష్ణ’ శబ్దం నల్లదనాన్ని స్ఫురింపజేస్తుంది కనుక, బోధనలో కనీసం పదార్థం విషయంలోనైనా ‘అదృశ్య పదార్థం’ అన్న పేరును పక్కన చేర్చి చెప్పడం మేలు. శక్తి విషయంలో పేరుకంటె ‘విస్తరణ వేగాన్ని పెంచే కారణం’ అన్న వివరణే ప్రధానం.

ఈ జ్ఞానం ఒక్కరోజులో, ఒక్కచోట పుట్టింది కాదు. స్థానాలను ఓపికగా కొలిచిన నిజామియా వేధశాల, వర్ణపటరేఖ వెడల్పులో నక్షత్రపు అసలు కాంతిని గుర్తించిన బప్పు ఈ పద్ధతుల చరిత్రలో భాగస్వాములు. తెలుగు విద్యార్థికి ఈ విషయం బోధించేటప్పుడు అంకెల నుంచి కాక, ఈ కొలతల నుంచి మొదలుపెడితే అది సొంత నేల నుంచి మొదలుపెట్టినట్టవుతుంది. అమరచింత పొలాల మీద కార్తికమాసపు రాత్రి కనిపించే ఆండ్రోమెడా మసకమరకను చూపి, దీని బరువు ఎలా తూచారు అన్న ప్రశ్నతో పాఠం ప్రారంభించవచ్చు.